మేల్కొలుపు గాడులు - వానిని కోయు యంత్రము



జాతీయ రహదారి నుండి మన పాఠశాలవైపు తిరుగు మలుపుకడ, రోడ్డునకు అడ్డముగా తెల్లని పట్టీలు కొన్ని వరుసగా వేసియున్నవి. లారీ వానిపైకి ఎక్కినంతనే దడదడమను చప్పుడు మన తరగతి గదులలోనికి వినవచ్చును. ఆ చప్పుడునకు మీరు తల త్రిప్పి కిటికీవైపు చూచుటయు, నేను బల్లపై తట్టి మిమ్ము మరల పాఠమునకు రప్పించుటయు నిత్యము జరుగు పనియే. ఒకనాడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు లేచి, “అయ్యా! ఆ పట్టీలు రోడ్డు మీద పోస్తారా, రోడ్డును కోసి చేస్తారా?” అని అడిగెను. రెండు విధములును కలవని అప్పటికి చెప్పి ఊరకుంటిని. ఆ ప్రశ్నకు పూర్తి సమాధానమే ఈ వ్యాసము.

ఆ బాలుని తండ్రి లారీ నడుపువారు. హోసూరులో సరకు నెత్తుకొని రాత్రివేళల దూరప్రయాణములు చేయుదురు. కుమారుని మార్కుల పట్టికపై సంతకము చేయుటకు వచ్చినప్పుడు ఆయనతో ఈ ప్రసంగము వచ్చినది. ఆయన చెప్పిన మాట నేటికిని నా చెవులలో ఉన్నది. “నిద్దర వస్తా ఉందని తెలిస్తే బండి నిలిపేస్తాం కదా అయ్యవారూ! అది తెలీదు. కన్ను తెరిచే ఉన్నట్టు ఉంటాది. చూస్తే బండి రోడ్డు దిగి ఉంటాది.”

ఈ మాటను లెక్కలో పెట్టి చూడుడు. గంటకు 72 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 20 మీటర్లు. నడుపువానికి రెండు సెకనులు కునుకు పట్టినచో బండి 40 మీటర్ల దూరము చూచువాడు లేక పరుగెత్తును. 2022వ సంవత్సరమున మన దేశమందు రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వ రవాణా శాఖవారు ప్రకటించిరి. వీరందఱును నిద్రమత్తు వలననే మరణించిరని నేను చెప్పను. కాని రెప్పపాటు కునుకు ఎంతటి అనర్థమునకు దారితీయునో తెలియుటకు ఈ 40 మీటర్ల లెక్క చాలును.

రెండు విధముల పట్టీలు

ఈ పట్టీలను ఆంగ్లేయులు రంబుల్ స్ట్రిప్పులందురు. మన మలుపుకడ నున్నవి మొదటి విధమునకు చెందినవి. ఇవి రోడ్డునకు అడ్డముగా, రోడ్డు మట్టమునకు కొంచెము ఎత్తుగా ఉండును. వేడిచే కరుగు ఒక విధమైన ప్లాస్టిక్ రంగును కాచి, చిక్కగా పోసి వీనిని చేయుదురు. తారుతో చేయుటయు కలదు. “ముందు పాఠశాల ఉన్నది, వేగము తగ్గింపుము” అని ఇవి మేల్కొనియున్న వానికి చెప్పును.

రెండవ విధమైనవి రోడ్డు వెంబడి, అంచు గీతకు ఆవలగాని నడిమి గీతమీదగాని, వరుసగా కోసిన గాడులు. తిన్నగా పోవు బండికి వీనితో పనిలేదు. బండి తన దారిని విడిచి ప్రక్కకు ఒరిగినప్పుడే చక్రము వీనిపై పడును. అనగా ఇవి ఏమఱినవానికి చెప్పునట్టివి. మార్గము విడిచిన మనుష్యుని మనము “గాడి తప్పినాడు” అందుము. గాడి తప్పిన బండిని ఒక గాడియే మరల దారికి తెచ్చుట ఇచ్చటి విశేషము.

ఈ ఉపాయము అమెరికా దేశములో మొదలైనది. 1952లో న్యూజెర్సీ రాష్ట్రమందలి గార్డెన్ స్టేట్ పార్క్‌వే అను రహదారి అంచున కాంక్రీటును అలలవలె పోసిరి. చక్రము దానిపై పోవునప్పుడు పాడినట్లు మ్రోగుటచే దానికి “పాడెడు అంచు” అని పేరు వచ్చినది. పిదప 1980వ దశకము చివర పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అను సుంకపు రహదారిపై, తారు అంచున గాడులు చేసి పరీక్షించిరి. బండ్లు అంచు దాటి పోవుటచే జరుగు ప్రమాదములు అచ్చట 70 శాతము తగ్గినట్లు 1994లో ప్రచురింపబడిన నివేదిక వలన తెలియుచున్నది.

కోయుట ఏల?

తారు అంచున గాడులు చేయుటకు మొదట సులభమైన పద్ధతి నొకదానిని అవలంబించిరి. తారు వేడిగా నున్నప్పుడే, ఇనుప గొట్టములను అతికించిన రోలరును దానిపై దొర్లించెడివారు. ఆ గొట్టములు తారుపై అచ్చు నొత్తును. ఇందు రెండు లోపములు కలవు. తారు చల్లారినచో అచ్చు దిగదు, మిక్కిలి వేడిగా నున్నచో అంచులు విరిగిపోవును. కావున లోతు ఒకచోట ఉన్నట్లు మఱొకచోట ఉండదు. అదియును గాక, క్రొత్త రోడ్డు వేయునాడు తప్ప ఈ పని చేయ వీలులేదు. ఎన్నడో వేసి గట్టిపడిన రోడ్డునకు గాడి కావలెనన్న కోయుట తప్ప వేఱు మార్గము లేదు.

కోసిన గాడికి అమెరికాలో వాడుకయందున్న కొలతలివి. రోడ్డునకు అడ్డముగా 16 అంగుళములు, రోడ్డు వెంబడి 7 అంగుళములు, లోతు అర అంగుళము. ఒక గాడి నడుమ నుండి మఱియొక గాడి నడుమకు 12 అంగుళములు, అనగా సుమారు 30 సెంటీమీటర్లు. ఏడంగుళముల వెడల్పు ఉండుటచే బండి చక్రము గాడిలోనికి నిజముగా దిగి లేచును. గాడి ఇఱుకైనచో చక్రము దానిని దాటి పైపైన పోవును.

సెకనుకు 20 మీటర్లు పోవు బండి ఒక సెకనులో ఇట్టి గాడులను సుమారు 66 దాటును. సెకనుకు 66 మార్లు చక్రము కొట్టుకొనగా ఆ కంపనము ఇరుసు ద్వారా స్టీరింగు చక్రమునకును, కూర్చున్న బల్లకును ప్రాకును. చెవికి గంభీరమైన మ్రోత వినబడును. ఒక్క క్షణమున చెవియు, చేయియు, దేహమును మేల్కొనును.

ద్రవము చేయు బలము

ఇక యంత్రమును గూర్చి తెలిసికొందము. గట్టి తారును అర అంగుళము లోతున, కిలోమీటరునకు మూడువేలకు పైగా ఒకే కొలతతో కోయవలెనన్న గొప్ప బలమును, దానితోపాటు నేర్పును కావలెను. ఈ రెండును ఒకే యంత్రములో కూర్చుటకు హైడ్రాలిక్ పద్ధతి, అనగా ద్రవపీడన పద్ధతి, అనుకూలముగా నున్నది.

దీనికి మూలము మీరు చదివిన పాస్కల్ నియమమే. 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశములో నివసించిన బ్లేజ్ పాస్కల్ (1623-1662) కనుగొన్న సత్యమిది. మూసియున్న ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్ని వైపులకును సమానముగా ప్రాకును. ఈ నియమము ననుసరించి జోసెఫ్ బ్రామా అను ఇంగ్లీషు పనివాడు 1795లో ద్రవపీడన యంత్రమునకు పేటెంటు పొందెను.

దీనిని మీరే పరీక్షింపవచ్చును. ఆసుపత్రిలో వాడు క్రొత్త సిరంజిలను, సూదులు లేనివానిని, చిన్నదొకటి పెద్దదొకటి తీసికొనుడు. రెంటిని సన్నని గొట్టముతో కలిపి గాలి లేకుండ నీటితో నింపుడు. పెద్దదాని వైశాల్యము చిన్నదానికి నాలుగింతలైనచో, చిన్నదానిపై మీరు వేసిన బలము పెద్దదానియొద్ద నాలుగింతలగును. కాని ఒక మాట మఱవకుడు. చిన్న పిస్టన్ నాలుగు సెంటీమీటర్లు దిగినప్పుడు పెద్దది ఒక సెంటీమీటరే లేచును. బలము హెచ్చినంత దూరము తగ్గును. ప్రకృతి ఎవరికిని ఊరక ఏమియు ఈయదు.

యంత్రములో నీటికి బదులు నూనె వాడుదురు. నూనె ఇనుమును త్రుప్పు పట్టనీయదు, కదలు భాగములకు కందెనగా కూడ పనిచేయును. ఉదాహరణమునకు నూనె పీడనము చదరపు సెంటీమీటరునకు 200 కిలోలు అనుకొందము. ఇట్టి యంత్రములకు ఇది అసాధారణమైన పీడనము కాదు. పిస్టన్ వ్యాసము ఏడు సెంటీమీటర్లు. అప్పుడు దాని వైశాల్యము 38.5 చదరపు సెంటీమీటర్లు. దానిపై పడు బలము 7,700 కిలోలు! అరచేతిలో ఇముడు పిస్టన్ ఏడున్నర టన్నులకు పైగా నొక్కునన్నమాట.

యంత్రము అంగములు

ఈ యంత్రములు కొన్ని ప్రత్యేకముగా నిర్మింపబడినవి. మఱికొన్ని చిన్న లోడరు బండికి ముందు తగిలించునవి. రూపము వేఱైనను అంగములు ఇంచుమించు ఇవియే.

మొదటిది డీజిలు ఇంజను. ఇది పంపును త్రిప్పును. పంపు తొట్టిలోని నూనెను పీల్చి పీడనముతో గొట్టములలోనికి త్రోయును. గొట్టములు రబ్బరుతో చేసి లోపల ఉక్కు తీగల అల్లిక వేసినవి. పిదప కవాటములు. మన చెఱువు తూము ఏ కాలువకు ఎంత నీరు పోవలెనో నిర్ణయించునట్లు, ఏ భాగమునకు ఎంత నూనె పోవలెనో ఇవి నిర్ణయించును. నడుపువాని చేతిలోని పిడి ఈ తూములకు తాళపుచెవి.

కవాటములు దాటిన నూనె రెండు పనులు చేయును. ఒక భాగము హైడ్రాలిక్ మోటారులోనికి పోయి దానిని త్రిప్పును. పంపు చేయు పనికి ఇది సరిగా విలోమము. పంపును త్రిప్పిన నూనె పాఱును, నూనె పాఱిన మోటారు తిరుగును. ఈ మోటారు కోతడ్రమ్మును త్రిప్పును. కొన్ని పెద్ద యంత్రములలో డ్రమ్మును ఇంజను నుండి బెల్టుతో త్రిప్పుటయు కలదు. నూనెయొక్క రెండవ భాగము సిలిండరులలోనికి పోయి డ్రమ్మును పైకెత్తుటకును, దించుటకును ఉపయోగపడును. పని ముగించిన నూనె వడపోత గుండ, చల్లబఱచు పేటిక గుండ మరల తొట్టికే చేరును. గుండెనుండి వెడలి గుండెకే చేరు రక్తమువలె ఒకే నూనె దినమంతయు తిరుగుచుండును.

కోతడ్రమ్ము ఉక్కుతో చేసిన గుండ్రని పీపా. దాని పొడవు గాడి పొడవునకు సరిపోవునట్లు 16 అంగుళములు. దాని చుట్టును ఉలులవంటి పళ్ళు వరుస తప్పించి, మరచుట్టు క్రమమున అమర్చియుండును. అన్నియు ఒకే వరుసలో నున్నచో ఒక్కమాఱే తారును తాకి యంత్రమును అదరగొట్టును. మరచుట్టుగా నుండుటచే ఒకదాని వెనుక నొకటి తాకి కోత నున్నగా సాగును. పంటి కొనయందు టంగ్‌స్టన్ కార్బైడ్ అను మిక్కిలి కఠినమైన పదార్థము అతికింపబడి యుండును. ఈ పళ్ళు తమ గూళ్ళలో తాము కూడ తిరుగునట్లు పెట్టుదురు. పెన్సిలును త్రిప్పుచు వ్రాసినచో మొన ఒకే ప్రక్క అరగకుండునట్లు ఇవియు అన్ని వైపుల సమముగా అరుగును. దుమ్ము లేవకుండుటకును పళ్ళు చల్లబడుటకును నీటిని చిమ్ముచుందురు.

తారులో మఱచిపోయిన ఇనుపముక్క పంటికి తగిలినచో ఏమగును? డ్రమ్ము ఆగును, నూనె పీడనము పెరుగును. అప్పుడు రక్షక కవాటము దానంతట అది తెఱచుకొని నూనెను తొట్టిలోనికి విడుచును. వంటింటిలోని ప్రెషర్ కుక్కరు బరువు లేచి ఆవిరిని విడుచుట మీరెఱుగుదురు గదా! ఇదియు అట్టిదే. పళ్ళచక్రములు నేరుగా తగిలించిన యంత్రమైనచో ఏదో ఒకటి విరుగును. ఇచ్చట నూనె తప్పుకొని యంత్రమును కాపాడును.

దిగుట, లేచుట

యంత్రము ఆగి కోసి, కదలి మరల ఆగినచో పని తెమలదు. అది మెల్లగా ముందునకు పోవుచునే, ప్రతి పన్నెండు అంగుళములకు ఒకమాఱు డ్రమ్మును దించి లేపవలెను. దీనికి రెండు ఉపాయములు కలవు.

ఒకటి, నేలపై దొర్లు చిన్న కొలత చక్రము దూరమును లెక్కించి కవాటమునకు సంకేతమిచ్చుట. కవాటము తెఱచుకొనగానే సిలిండరు డ్రమ్మును దించి, వెంటనే లేపును.

రెండవది మఱింత సులభమైనది. డ్రమ్మును మోయు చక్రమునే గుండ్రముగా గాక, మిట్టపల్లములు గలదిగా చేయుదురు. నాలుగు మిట్టలు, నాలుగు పల్లములు ఉన్నవనుకొందము. మిట్ట నేలకు తగిలినప్పుడు డ్రమ్ము లేచును, పల్లము వచ్చినప్పుడు దిగి కోయును. ఒక్కొక్క మిట్టకు 12 అంగుళముల చొప్పున చక్రము ఒక చుట్టు తిరుగునప్పటికి 48 అంగుళములు పోయి నాలుగు గాడులు పడును. ఎడ్లబండి చక్రము వంకరైనచో బండి ఎగిరెగిరి పడునని మనము వడ్రంగిని తిట్టుదుము. అచ్చట దోషమైనది ఇచ్చట గుణమైనది.

సెకనుకు ఒక గాడి కోసిననుకొందము. గంటకు 3,600 గాడులు, అనగా కిలోమీటరునకు కొంచెము పైగా. మనిషి నడక కన్న మెల్లగా పోయెడు యంత్రమిది!

ఇచ్చట క్షేత్రగణితము ఒకటి దాగియున్నది. డ్రమ్ము గుండ్రనిది కావున గాడి అడుగు చాపాకారముగా నుండును. గాడి వెడల్పు జ్యా, లోతు శరము. డ్రమ్ము వ్యాసార్ధము 12 అంగుళములు, జ్యా 7 అంగుళములు అయినచో శరమెంత? సగము జ్యా మూడున్నర, దాని వర్గము 12.25. దీనిని 144 నుండి తీసివేయగా 131.75. దీని వర్గమూలము సుమారు 11.48. పన్నెండు నుండి తీసివేయగా 0.52, అనగా ఇంచుమించు అర అంగుళము! కావున వెడల్పును కొలిచినచో లోతు సరిగా నున్నదో లేదో తెలిసిపోవును. యంత్రము కదలుచు కోయుట వలన కొంచెము తేడా వచ్చును, కాని అది స్వల్పము. పైథాగరస్ సిద్ధాంతము పరీక్షకు మాత్రమే పనికివచ్చునని తలంచు విద్యార్థులు దీనిని గమనింతురుగాక.

ఒక్కొక్క గాడినుండి సుమారు ఒకటిన్నర కిలోల తారుపొడి లేచును. కిలోమీటరు పొడవునకు దాదాపు 3,300 గాడులు. అనగా ఇంచుమించు ఐదు టన్నుల పొడి! దానిని రోడ్డుపై విడిచినచో ద్విచక్ర వాహనములు జాఱిపడును. కావున వెనువెంటనే ఊడ్చు యంత్రము వచ్చి ఎత్తివేయవలెను. ఆ పొడిని మరల రోడ్డు పనులకు వాడవచ్చును. కోసిన చోట నీరు ఇంకకుండుటకై పలుచని తారుపూత వేయుటయు కలదు.

జాగ్రత్తలు

బలము గల యంత్రమునకు భయము గల పనివాడు కావలెను. పీడనములో నున్న గొట్టమునకు సూదిమొన యంత రంధ్రము పడినను నూనె బాణమువలె దూసికొని వచ్చి చర్మములోనికి దిగును. పైకి చిన్న చుక్కగా కనబడినను లోపల కండ చెడును. వెంటనే వైద్యుని చేరనిచో వ్రేలినే కోల్పోవలసివచ్చును. కావున నూనె ఎచ్చట కాఱుచున్నదో చేతితో తడవి చూడరాదు, అట్టముక్క నడ్డముపెట్టి చూడవలెను. లేపియుంచిన డ్రమ్ము క్రింద, గట్టి ఆధారము పెట్టకుండ ఎవరును దూరరాదు.

గాడులను ఎల్లచోట్ల కోయుటయు తగదు. పలుచని తారు పొరగల రోడ్డును కోసినచో రోడ్డే చెడును. వంతెనల పైభాగమున సాధారణముగా కోయరు. సైకిలు తొక్కువారు అంచుననే పోవుదురు గనుక వారు దాటుటకు ఎడము లుంచవలెను. అమెరికాలో ప్రతి 40 నుండి 60 అడుగులకు 10 నుండి 12 అడుగుల ఎడము విడుచుట సూచింపబడినది. ఇండ్ల ప్రక్క రాత్రివేళ ఈ మ్రోత బాధాకరము. అందులకై ఇటీవల గాడులకు బదులు మెత్తని అలలవలె కోయు పద్ధతి వచ్చినది. దాని వలన బండిలోని వానికి కంపనము తెలియును గాని బయట మ్రోత తగ్గును.

ఫలితము, పరిమితి

2009లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన నివేదిక ప్రకారము, పల్లెప్రాంతముల రెండు వరుసల రోడ్లపై నడిమి గీతమీద గాడులు కోసినచో, ఎదురు వాహనములు ఢీకొనుట వలన ప్రాణహానియో గాయములో కలిగించు ప్రమాదములు 44 శాతము తగ్గినవి. అంచు గాడుల వలన, ఒంటరి బండి రోడ్డు దిగిపోయి కలిగించు అట్టి ప్రమాదములు 36 శాతము తగ్గినవి. అర అంగుళపు గాడికి ఇది గొప్ప ఫలితమే. అయినను మిగిలిన ప్రమాదములు మిగిలియే యున్నవి గదా!

మొన్న ఆ బాలుని తండ్రి మరల వచ్చినప్పుడు ఈ సంగతులన్నియు ఆయనకు వినిపించితిని. ఆయన శ్రద్ధగా విని, కొంతసేపు ఊరకుండి ఇట్లనిరి: “లేపేదానికి గాడి ఉండనీండి అయ్యవారూ, మంచిదే. పండుకునేదానికి రోడ్డు పక్కన చోటు కూడా ఉండాల కదా. బండి నిలిపితే పక్కకు పో అంటారు. సరుకు ఆలస్యమైతే బాడుగ కోస్తారు.”

ఆ మాటకు నాయొద్ద బదులు లేకపోయినది. గాడి ఒక్క నిమిషము మేల్కొల్పును గాని నిద్ర తీర్పజాలదు. మేల్కొన్నవాడు బండి నాపి విశ్రమించినప్పుడే గాడి చేసిన మేలు నిలుచును. ఆపుటకు చోటును, ఆలస్యమును సహించు యజమానియు, సమాజమును ఉండవలెను. ఇది ఏ యంత్రమును చేసిపెట్టు పని కాదు, మనుష్యులు చేయవలసినది.

మన పాఠశాలలో లారీలు, బస్సులు నడుపువారి పిల్లలు చాలమంది కలరు. మీలో కొందఱు రేపు ఇంజనీర్లై ఇట్టి యంత్రములను నిర్మింపవచ్చును. అంతవరకు మీరు చేయదగిన పని యొకటి కలదు. మీ తండ్రిగారు రాత్రియంతయు బండి నడిపి ప్రొద్దున ఇల్లు చేరినప్పుడు రేడియో తగ్గింపుడు, తమ్ముని వాకిటిలో ఆడించుడు, ఆయనను కడుపార నిద్రింపనిండు. ఆ రాత్రి ఆయన మరల బండి నెక్కునప్పుడు, అంచున గాడి ఉన్నను లేకున్నను, ఆ నిద్రయే ఆయనకు రక్షణ.